ఒకే పేరు... రెండు వంశాలు!

పసివాడి ఇన్‌హేలర్‌లో ఉండేదీ స్టిరాయిడే. జిమ్ కుర్రాడి సిరంజిలో ఉండేదీ స్టిరాయిడే. పేరు ఒక్కటే కావడంతో భయపడాల్సిన చోట ధీమాగా, ధీమాగా ఉండాల్సిన చోట భయంగా ఉంటున్నాం. ఇంతకీ ఏది ఏది?

గుంటూరులో ఓ ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో ఏడేళ్ల బాబుకు చలికాలం వస్తే చాలు, పిల్లికూతలు. అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. ఊపిరి అందక డొక్కలు ఎగరేస్తుంటాడు. పిల్లల డాక్టరు ఓ ఇన్‌హేలర్ రాసిచ్చి 'పొద్దునా రాత్రీ పీల్చాలి, తగ్గింది కదా అని మానొద్దు' అన్నారు. రెండు వారాలు వాడారు. బాబు హాయిగా నిద్రపోతున్నాడు. ఈలోగా పక్కింటావిడ వచ్చి పెట్టె అటూ ఇటూ తిప్పి చూసింది. 'అయ్యో, ఇది స్టిరాయిడ్ కదమ్మా! పసివాడికి ఇది పెడుతున్నారా?' అంది. అంతే! ఆ రాత్రి నుంచి ఇన్‌హేలర్ బీరువా మీదికెక్కింది.

అదే ఇంట్లో బాబాయి ఉన్నాడు. వయసు ఇరవై రెండు. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రావాలి. పొద్దునా సాయంత్రం జిమ్. అక్కడ కోచ్ వారానికి రెండు ఇంజెక్షన్లు వేస్తున్నాడు. 'ప్రొటీన్ లాంటిదేరా, అందరూ వేయించుకునేదే' అన్నాడట. నాలుగు నెలల్లో చొక్కా చేతులు బిగుతయ్యాయి. ఇంటిల్లిపాదీ మురిసిపోతున్నారు.

ఇక నాయనమ్మ. ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులు. పక్క ఊళ్లో ఎవరో పొట్లాలు కట్టి ఇచ్చే పొడి తెప్పించుకుంది. దాని మీద పేరు లేదు, చీటీ లేదు. మూడో రోజుకల్లా లేచి గుడికి వెళ్లొచ్చింది. ఆకలి పెరిగింది. మొహం నిండుగా, గుండ్రంగా తయారైంది. 'ఒళ్లు చేశారు అత్తయ్యా' అని కోడలు సంబరపడింది.

బాబాయి సిరంజిలో ఉన్నది స్టిరాయిడ్. నాయనమ్మ పొట్లంలోనూ బహుశా అదే. అంటే ఒకే ఇంట్లో మూడు స్టిరాయిడ్లు. ఇంటివాళ్లు భయపడింది మాత్రం ఒక్కదానికే... మూడింటిలోకీ తక్కువ ప్రమాదమున్న దానికి!

ఆకారం పేరే అది

స్టిరాయిడ్ అన్నది ఒక మందు పేరు కాదు. ఓ ఆకారం పేరు. కర్బన పరమాణువులు గొలుసుల్లా చేరి నాలుగు గదులు కడతాయి. మూడు గదులకు ఆరేసి మూలలు, నాలుగోదానికి అయిదు. ఈ నాలుగు గదుల కట్టడం ఏ పదార్థంలో ఉన్నా రసాయన శాస్త్రం దాన్ని స్టిరాయిడ్ అనే పిలుస్తుంది. అందరూ తిట్టిపోసే కొలెస్ట్రాల్‌లో ఉన్నదీ ఈ కట్టడమే. శరీరం ఆ కొలెస్ట్రాల్‌నే ముడిసరుకుగా తీసుకుని గోడకో కిటికీ, గదికో తలుపు మార్చి రకరకాల హార్మోన్లు తయారుచేసుకుంటుంది. ఆడవాళ్లలో ఉండే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ కూడా స్టిరాయిడ్లే. ఆ లెక్కన గర్భనిరోధక మాత్ర వేసుకుంటున్న ఇల్లాలు కూడా స్టిరాయిడ్ వాడుతున్నట్టే. ఎండలో నిలబడితే చర్మం తయారుచేసుకునే విటమిన్-డి సైతం ఈ కుటుంబానికి దగ్గరి చుట్టం.

పునాది ఒకటే కదా అని ఇళ్లన్నీ ఒకటవుతాయా? ఒకే ప్లాను మీద కట్టిన రెండు భవనాల్లో ఒకటి బడి కావచ్చు, మరోటి సారా దుకాణం కావచ్చు. మందుల షాపులో కనిపించే స్టిరాయిడ్ల సంగతీ అంతే. వాటిలో ముఖ్యంగా రెండు వంశాలున్నాయి.

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని రెండు చిన్న గ్రంథులుంటాయి. అవే ఎడ్రినల్ గ్రంథులు. ఒక్కోటీ నాలుగైదు గ్రాములకు మించదు. వాటి పైపొర నుంచి రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ ఊరుతుంది. తెల్లవారుజామున పెరుగుతూ పొద్దున లేచే వేళకు శిఖరానికి చేరి, రాత్రికి అడుగంటుతుంది. ఒంట్లో వాపునూ మంటనూ అదుపులో పెట్టడం, రక్తపోటు పడిపోకుండా చూడటం, జ్వరమో దెబ్బో తగిలినప్పుడు శరీరాన్ని నిలబెట్టడం... ఇవీ దీని పనులు. దీన్ని అనుకరిస్తూ తయారుచేసిన మందులే కార్టికోస్టిరాయిడ్లు. హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బుడెసొనైడ్... ఈ వంశమే.

రెండో వంశం మూలపురుషుడు టెస్టోస్టిరాన్. మగవాళ్లలో వృషణాల నుంచి వస్తుంది. మీసం మొలిపించేదీ, గొంతు మార్చేదీ, కండ పెంచేదీ ఇదే. దీన్ని అనుకరించేవి అనబాలిక్ స్టిరాయిడ్లు. నాండ్రొలోన్, స్టానొజొలాల్, మెథాండియెనోన్ అంటూ నోరు తిరగని పేర్లతో చలామణీ అయ్యేవి ఇవే.

విచిత్రమేమిటంటే కండల విషయంలో ఈ రెండు వంశాలూ ఒకదానికొకటి బద్ధ శత్రువులు. అనబాలిక్ స్టిరాయిడ్ కండలో మాంసకృత్తులను పోగేస్తుంది. కార్టికోస్టిరాయిడ్ ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే అదే కండను కరిగిస్తుంది. పొట్ట పెరుగుతుంది కానీ తొడలూ భుజాలూ సన్నబడిపోతాయి. కూర్చున్న కుర్చీలోంచి లేవడానికి చేతి ఆసరా కావాల్సొస్తుంది. ఒకటి కట్టేది, ఒకటి కూల్చేది. జనం నోట మాత్రం రెండూ 'స్టిరాయిడే'!

వారం తిరక్కుండానే బజారుకు

1948 సెప్టెంబరు. అమెరికాలోని రోచెస్టర్‌లో మేయో క్లినిక్. కీళ్లవాతంతో మంచానికి అతుక్కుపోయిన 29 ఏళ్ల మహిళకు డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం ఓ కొత్త మందు ఇంజెక్షన్ చేసింది. అప్పటికి దానికి సరైన పేరు కూడా లేదు. 'కాంపౌండ్ ఇ' అనేవారు. అదే క్లినిక్‌లో పనిచేసే రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ ఎడ్రినల్ గ్రంథుల నుంచి వేరుచేసిన పదార్థం అది. గ్రంథుల నుంచి వచ్చేది చిటికెడు కూడా ఉండదు కాబట్టి, మెర్క్ కంపెనీ పశువుల పిత్తరసం నుంచి నానా తంటాలు పడి తయారుచేసింది. మూడు రోజులకే ఆమె బిగుసుకుపోయిన కీళ్లు వదులయ్యాయి. వారం తిరిగేసరికి ఊళ్లోకి వెళ్లి దుకాణాల్లో తిరిగొచ్చింది.

ఇంతకీ హెంచ్‌కు ఆ ఆలోచన ఎలా వచ్చిందనుకున్నారు? 1929లో ఆయన ఓ వింత గమనించారు. కీళ్లవాతం ఉన్న ఓ రోగికి కామెర్లు వచ్చాయి. కామెర్లు ఉన్నన్నాళ్లూ కీళ్లనొప్పులు మాయం! ఆ తర్వాత గర్భిణుల్లోనూ అలాంటి మార్పే కనిపించింది. శరీరమే ఏదో మందు తయారుచేసుకుంటోందని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. దాని కోసం దాదాపు ఇరవై ఏళ్లు ఎదురుచూశారు. ఆ మందుకే తర్వాత కార్టిసోన్ అని పేరు పెట్టారు. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండ్‌లో ఇదే పనిచేసిన టాడియస్ రైక్‌స్టైన్... ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఇబ్బడిముబ్బడిగా వాడినవాళ్లకు మొహాలు చంద్రబింబాల్లా ఉబ్బాయి. మెడ వెనక కొవ్వు మూపురంలా పేరుకుంది. చక్కెర పెరిగింది, ఎముకలు గుల్లబారాయి. మందు ఆపగానే నొప్పులు తిరగబెట్టాయి. కార్టిసోన్ జబ్బును నయం చేయదు, వాపును అణచి ఉంచుతుందంతే... అన్న సంగతి వైద్యులకు తెలిసొచ్చింది. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎవరికి అన్న లెక్క నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ లెక్క తెలిశాక అది ప్రాణదాతే అయింది. ఒళ్లంతా నీరుపట్టి మొహం ఉబ్బే పిల్లల కిడ్నీ జబ్బుకు ఇదే మందు. లూపస్‌కు ఇదే. మెదడుకు సోకిన క్షయలో టీబీ మందులకు తోడు ఇదే. నెలలు నిండకముందే నొప్పులొస్తే తల్లికి 'బిడ్డ ఊపిరితిత్తుల కోసం' అంటూ ఆసుపత్రిలో వేసే ఇంజెక్షన్లు గుర్తున్నాయా? అవీ ఇవే. న్యూజిలాండ్ వైద్యులు లిగ్గిన్స్, హోవీలు 1972లో ఈ సంగతి నిరూపించారు. అలా బతికి బట్టకట్టి, ఇవాళ బడికెళ్తున్న పిల్లలు ఏ వీధిలో చూసినా ఉంటారు. వాళ్లమ్మలకు మాత్రం తాము వేయించుకున్నది స్టిరాయిడని తెలియదు. తెలిస్తే వద్దనేవారేమో!

పతకాల కోసం... పరువు కోసం

రెండో వంశం కథ ఆసుపత్రిలో కాదు, ఆటస్థలంలో నడిచింది. 1954లో వియన్నాలో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు. రష్యన్లు పతకాలు ఎగరేసుకుపోతుంటే, వాళ్లు వాడుతున్నది టెస్టోస్టిరాన్ అని అమెరికా జట్టు వైద్యుడు జాన్ జీగ్లర్ చెవిన పడింది. ఆయన చొరవతో 1958లో వచ్చిన డయానాబాల్ మాత్రలు అక్కడి వ్యాయామశాలలకు పాకాయి. క్రీడాకారులు చెప్పిన మోతాదుకు అనేక రెట్లు మింగడం చూసి ఆయనే తర్వాత పశ్చాత్తాపపడ్డారు. అప్పటికి చేయి దాటిపోయింది.

తూర్పు జర్మనీలో అయితే సర్కారే దగ్గరుండి నడిపించింది. చిన్న చిన్న ఆడపిల్లలకు నీలం మాత్రలిచ్చి విటమిన్లని చెప్పారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల ఈత పోటీల్లో 13 స్వర్ణాలుంటే 11 వాళ్లవే. ఆ పతకాల వెనక మగ గొంతులూ, అవాంఛిత రోమాలూ, జీవితాంతం వెంటాడిన జబ్బులూ ఉన్నాయని బెర్లిన్ గోడ కూలాక బయటపడింది. ఆనాటి క్రీడాధికారిని, వైద్యాధికారిని 2000లో కోర్టు దోషులుగా తేల్చింది.

ఈ మాటను మన ఇళ్లదాకా తెచ్చింది మాత్రం బెన్ జాన్సనే. 1988 సెప్టెంబరు 24న సియోల్ ఒలింపిక్స్‌లో వంద మీటర్లను 9.79 సెకన్లలో పరిగెత్తాడు. లోకం నోరెళ్లబెట్టింది. మూడు రోజులకే మూత్రంలో స్టానొజొలాల్ దొరికిందన్నారు. పతకం కార్ల్ లూయిస్ మెడలోకి వెళ్లింది. పేపర్ల నిండా 'స్టిరాయిడ్'! ఆ మాట పక్కన దొంగతనమనీ, విషమనీ ముద్రపడింది. ఆ ముద్ర పిల్లాడి ఇన్‌హేలర్ మీదికీ పాకింది. మనదేశమూ ఈ మచ్చ తప్పించుకోలేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం తెచ్చిన అమ్మాయిల్లో ముగ్గురు మరుసటి ఏడాదే అనబాలిక్ స్టిరాయిడ్ల పరీక్షలో దొరికారు. పోషకాహారం పేరుతో ఇచ్చినదాంట్లో అది కలిసిందని మొరపెట్టుకున్నారు. నిషేధం తప్పలేదు.

అసలు ఆటల నిబంధనలే ఈ రెండు వంశాలనూ వేరుగా చూస్తాయి. అనబాలిక్ స్టిరాయిడ్లు క్రీడాకారులకు ఏడాది పొడవునా నిషేధం. కార్టికోస్టిరాయిడ్లు మాత్రగానో ఇంజెక్షన్‌గానో పోటీల సమయంలోనే కూడదు. చెప్పిన మోతాదులో ఇన్‌హేలర్ పీల్చుకోవడానికి, చర్మానికి పూసుకోవడానికి అడ్డు లేదు.

ఇక పతకాలతో పనిలేని మన బాబాయి సంగతి. టెస్టోస్టిరాన్ బయటి నుంచి దండిగా వస్తుంటే మెదడు 'ఇక చాలు' అని వృషణాలకు ఆదేశాలు ఆపేస్తుంది. అవి పని మానేసి కుంచించుకుపోతాయి. వీర్యకణాలు పడిపోతాయి, ఒక్కోసారి సున్నాకు చేరతాయి. మగతనం కోసం వేసుకున్న ఇంజెక్షన్ పిల్లలు పుట్టే అవకాశానికే గండి కొడుతుందన్నమాట. ఎక్కువైన హార్మోన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములు పెరుగుతాయి. మొటిమలు, బట్టతల, ఊరికే కోపం... ఇవన్నీ అద్దంలో కనిపించేవి. కనిపించనివి ఇంకా ఘోరం. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె కండరం మందమవుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. మాత్రలైతే కాలేయానికీ దెబ్బే. పదహారేళ్ల కుర్రాడు వాడితే ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి ఎత్తు అక్కడే ఆగిపోతుంది. హార్మోన్ లోపం ఉన్నట్టు పరీక్షల్లో తేలినవాళ్లకు వైద్యులు ఇచ్చే టెస్టోస్టిరాన్ వేరు. జిమ్‌లో లోపమేమీ లేనివాడికి అంతకు ఎన్నో రెట్లు ఎక్కిస్తారు.

పిల్లాడి లెక్క

మళ్లీ బీరువా మీది ఇన్‌హేలర్ దగ్గరకొద్దాం. ఆస్తమాలో ఊపిరి గొట్టాల లోపొర వాచి ఉంటుంది. ఆ వాపును రోజూ కొంచెం కొంచెంగా తగ్గించేదే ఈ మందు. పీల్చగానే ఉపశమనం ఉండదు. అది వేరే ఇన్‌హేలర్ పని, ఎక్కువగా నీలిరంగులో ఉంటుంది, అందులో స్టిరాయిడ్ ఉండదు. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, వెంటనే హాయినిచ్చే నీలిది ఉంచుకుని, రోజూ వాడాల్సింది మానేస్తారు. వాపు లోపల అలాగే పెరుగుతుంది. ఓ రాత్రి నీలిది ఎన్నిసార్లు పీల్చినా ఊపిరి ఆడదు. ఆటో ఎక్కి ఆసుపత్రికి పరుగు.

అక్కడ ఏమిస్తారు? స్టిరాయిడే! ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున అయిదు రోజులిచ్చారనుకుందాం. మొత్తం 100 మిల్లీగ్రాములు. పిల్లాడు రోజుకు పీల్చే బుడెసొనైడ్ 400 మైక్రోగ్రాములు అనుకుంటే, అంటే మిల్లీగ్రాములో సగం కూడా కాదు, 250 రోజులు పీలిస్తేగానీ ఆ బరువు కాదు. నిజానికి రెండు మందుల బలం వేరు కాబట్టి బరువుతో పోల్చడం పూర్తి న్యాయం కాదు. కానీ అసలు తేడా దారిలో ఉంది. మాత్ర రక్తంలో కలిసి తల నుంచి కాలిదాకా తిరుగుతుంది. పీల్చింది నేరుగా వాపు ఉన్నచోటికి వెళ్తుంది. మింగేసిన కాస్తలో చాలాభాగాన్ని కాలేయం విరిచేస్తుంది.

ఇన్‌హేలర్‌తో ఏ ఇబ్బందీ లేదని చెప్పడం అబద్ధం. నోట్లో తెల్లపూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అమెరికా పరిశోధనలో బుడెసొనైడ్ పీల్చినవారి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గినట్టు తేలింది. తల్లిదండ్రులు తూచుకోవాల్సింది ఆ సెంటీమీటరును ఒకవైపు, ఆ అర్ధరాత్రి ఆటోను మరోవైపు పెట్టి.

దొంగదారిన వచ్చేది

భయపడాల్సింది చీటీ మీద రాసిన స్టిరాయిడ్‌కు కాదు. చెప్పకుండా ఇచ్చేదానికి. పేరులేని నొప్పుల పొడుల్లో డెక్సామెథసోన్ లాంటివి కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలు కొల్లలు. 'మూడు రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గింది' అంటే అనుమానించాల్సిందే. నాయనమ్మ మొహం గుండ్రంగా అయింది ఒళ్లు చేసి కాదు. ఆమెకు తెలియకుండానే చక్కెర, రక్తపోటు పెరుగుతుండొచ్చు. కంట్లో శుక్లం, ఎముకల్లో గుల్ల మొదలై ఉండొచ్చు. తుంటి ఎముకకు రక్తం అందక చచ్చుబడిపోవడమూ ఇలాంటి వాడకంతో వచ్చేదే. పల్లెల్లో ఏ జ్వరమొచ్చినా సూదిలో కాస్త 'డెక్సా' కలపడమూ ఈ కోవలోదే. జ్వరం దిగుతుంది, రోగం లోపలే ఉంటుంది.

చర్మం సంగతి మరీ దారుణం. తెల్లబడాలని మొహానికి, దురద తగ్గాలని తామరకు స్టిరాయిడ్ క్రీములు రాసేస్తున్నారు. తామర బూజుజాతి రోగం. స్టిరాయిడ్ పూస్తే దురద తగ్గినట్టే ఉండి, అది లోలోపల విస్తరిస్తుంది. మొహం మీద చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి. 2018లో కేంద్రం ఇలాంటి పద్నాలుగు పూత మందుల్ని చీటీ లేనిదే అమ్మకూడదని కట్టడి చేసింది. కానీ కౌంటర్ దగ్గర 'ఆ ట్యూబ్ ఇవ్వండి' అంటే ఇచ్చేసే దుకాణాలకు కొదవలేదు.

మోతాదూ సమయమూ తప్పితే ఏమవుతుందో కొవిడ్ చూపించింది. ఇంగ్లండ్‌లో జరిగిన రికవరీ ప్రయోగం 2020 జూన్‌లో తేల్చిందేమిటంటే, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజుల వరకు ఇస్తే వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీదున్నవారిలో అయిదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు లేదు. ఈ చివరి మాట ఎవరికీ పట్టలేదు. 2021 రెండో ఉద్ధృతిలో వాట్సాప్‌లో చక్కర్లు కొట్టిన చీటీలు చూసి మొదటిరోజు నుంచే ఇళ్లలో మింగేశారు. చక్కెర రోగం అదుపు తప్పింది. దాంతోపాటే బ్లాక్‌ఫంగస్ విరుచుకుపడింది. ఆ మే నెలలో తెలంగాణ దాన్ని సర్కారుకు తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది. కళ్లు తీసేయాల్సి వచ్చినవారు ఎందరో.

ఒక్కసారిగా ఆపితే...

శత్రువుల్లాంటి ఈ రెండు వంశాలకూ ఒక పోలిక ఉంది. బయటి నుంచి మందు వస్తుంటే సొంత గ్రంథి నిద్రపోతుంది. అనబాలిక్ ఇంజెక్షన్లతో వృషణాలు, కార్టికోస్టిరాయిడ్ మాత్రలతో ఎడ్రినల్ గ్రంథులు. జిమ్ కుర్రాడు ఇంజెక్షన్లు ఆపగానే సొంత హార్మోన్ లేక నీరసం, దిగులు కమ్ముకుంటాయి. గ్రంథి మేలుకోవడానికి నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆ దిగులు భరించలేకే మళ్లీ సిరంజి పడతారు. బాబాయిని తిట్టి ఇంట్లో కూర్చోబెడితే సరిపోదు, హార్మోన్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

ఎడ్రినల్ నిద్రపోతే అంతకన్నా ప్రమాదం. మూడు వారాలకు మించి మాత్రలు వాడినవారు ఉన్నట్టుండి ఆపేస్తే వాంతులు, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం... ప్రాణం మీదికే రావచ్చు. కార్టిసాల్ లేకపోతే మనిషి నిలవడు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఎడ్రినల్ గ్రంథులు పనిచేయని అడిసన్ జబ్బు ఉండేది. కార్టిసోన్ వేసుకుంటూనే ఆయన దేశాన్ని ఏలారు. అందుకే ఎక్కువకాలం వాడినవారికి వైద్యులు మోతాదును మెట్లు దిగినట్టు తగ్గిస్తారు. మాత్రను పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమనడం కూడా ఊరికే కాదు, శరీరం తన కార్టిసాల్‌ను విడుదల చేసే వేళ అదే.

కాబట్టి ఈ కథనం చదివిన కోడలు ఆవేశపడి నాయనమ్మ పొట్లాలను ఇవాళే చెత్తబుట్టలో పడేయకూడదు. ఎన్ని నెలలుగా వాడుతోందో కనుక్కుని, మిగిలిన పొట్లాన్ని కూడా పట్టుకుని ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. అందులో ఏముందో తెలియకపోయినా, మొహం, చక్కెర, రక్తపోటు చూసి ఆయన అంచనా వేస్తారు. అవసరమైతే పొద్దున పూట రక్తంలో కార్టిసాల్ ఎంతుందో పరీక్ష చేయిస్తారు. ఇన్‌హేలర్‌ను బీరువా మీది నుంచి దించి గడువు తేదీ చూడాలి. నేరుగా నోట్లో పెట్టకుండా, స్పేసర్ అనే గొట్టం తగిలించి పీల్పించాలి. ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయించాలి. పిల్లాడు ఆ నీళ్లు మింగకుండా చూసే పని నాయనమ్మకు అప్పజెప్పొచ్చు.